చలికాలం పొద్దున్నే వేడిగా ఏం చేసుకోవచ్చు? ఖర్చు తక్కువలో చెప్పండి

అన్నలకూ అక్కలకూ నమస్కారం. చదువుకోవడానికి ఈ చలిదేశానికి వచ్చి రెండు నెలలైంది. నలుగురం కలిసి ఉంటున్నాం, వంటగది ఒక్కటే. పొద్దున స్టవ్ నాకు దొరికేది పావుగంట. ఏడున్నరకి బయటపడాలి, అప్పటికింకా చీకటిగానే ఉంటుంది. ఇన్నాళ్లూ బ్రెడ్డూ జామూ తిని నెట్టుకొచ్చాను. చలి ముదిరాక అది తిన్న గంటకే ఆకలి, వణుకు. రోజూ బయట కొనుక్కునే స్తోమత లేదు. వంట కూడా అంతంతమాత్రమే. ఒక గిన్నె, ఒక పెనం, ఒక కెటిల్ ఉన్నాయి. వీటితో ఏం చేసుకోవచ్చు?

జవాబు:

తమ్ముడూ, నీ మెసేజ్ చదువుతుంటే నా మొదటి చలికాలం గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో సీరియల్ వేసుకుని, నిలబడే తినేసి పరుగెత్తేదాన్ని. బస్‌స్టాప్ చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి. పదిన్నరకల్లా కడుపులో ఎలుకలు. అప్పుడు క్యాంటీన్లో ఏదో ఒకటి కొనేదాన్ని. నెలాఖరున లెక్క చూసుకుంటే ఇంటి సరుకుల కన్నా ఆ చిరుతిళ్లకే ఎక్కువైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ పావుగంటలోనే వంట మొదలుపెట్టి ముగించాలని చూడకు. నానబెట్టడం, తరగడం, ఉడకబెట్టడం ముందురోజు రాత్రే అయిపోవాలి. పొద్దున వేడిచేసుకుని తినడమే మిగలాలి. ఈ అలవాటు పడేదాకా నాకూ కష్టంగానే ఉండేది.

ముందు ఓట్స్. రంగురంగుల చిన్న ప్యాకెట్లలో వచ్చేవి వద్దు. వాటిలో చాలావాటికి చక్కెర కలిపి ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. ఏమీ కలపని రోల్డ్ ఓట్స్, అంటే అటుకుల్లా నొక్కినవి, పెద్ద సంచి తెచ్చుకో. మనిషికి అరకప్పు, అంటే 40 నుంచి 50 గ్రాములు. దానికి కప్పు నీళ్లు, లేదా సగం నీళ్లు సగం పాలు. చిటికెడు ఉప్పు తప్పకుండా వెయ్యి, అది లేకపోతే ఎంత తీపి కలిపినా చప్పగానే ఉంటుంది. సన్నసెగ మీద 5 నిమిషాలు కలుపుతూ ఉంటే చిక్కబడుతుంది. ఆ జిగురుకి కారణం ఓట్స్‌లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు. కడుపులోంచి మెల్లగా కదులుతుంది కాబట్టి త్వరగా ఆకలి వెయ్యదు. గుప్పెడు ఎండుద్రాక్ష మొదట్లోనే వేస్తే ఉబ్బి తీపి దిగుతుంది, చక్కెరతో పని ఉండదు. దించాక ఒక చెంచా పీనట్ బటర్ కలుపుకో. స్టీల్‌కట్ ఓట్స్, అంటే నొక్కకుండా రవ్వలా ముక్కలు చేసినవి, దొరికితే రాత్రి నీళ్లలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. మామూలుగా అరగంట పట్టేవి పొద్దున పది నిమిషాల్లో ఉడుకుతాయి.

నాకు మాత్రం పొద్దున్నే తీపి దిగదు. అందుకే నేను ఎక్కువగా తాగేది బియ్యం, పప్పు కలిపిన జావ. మసూర్ పప్పు, అదే ఎర్రగా ఉండేది, నానబెట్టకుండానే 20 నిమిషాల్లో మెత్తబడుతుంది, ఎక్కడైనా చవగ్గానే దొరుకుతుంది. పావుకప్పు బియ్యం, పావుకప్పు పప్పు కడిగి 4 కప్పుల నీళ్లు పోసి మరిగించు. నురుగు పైకొస్తుంది, గరిటెతో తీసెయ్యి. తర్వాత సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి అరగంట వదిలెయ్యి. మధ్యలో రెండుసార్లు అడుగు దాకా కలపకపోతే అడుగంటుతుంది. చివర్లో ఉప్పు, దంచిన మిరియాలు, తురిమిన అల్లం. ఒక చెంచా నూనెలో జీలకర్ర చిటపటలాడించి పైన పోస్తే ఆ వాసనకే ప్రాణం లేచొస్తుంది. ఇది ఇద్దరికి సరిపోతుంది, అంటే నీకు రెండు రోజులు. తినే ముందు నిమ్మకాయ పిండుకో, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం తిన్న వెంటనే కాకుండా ఒక గంట ఆగి తాగు, టీ ఆ ఇనుమును ఒంటబట్టనివ్వదు.

పప్పు, గుడ్లు అని నేను పదే పదే చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ప్రోటీన్‌ని అరిగించుకోవడానికి శరీరం పిండిపదార్థాలకీ కొవ్వుకీ కన్నా ఎక్కువ శక్తి ఖర్చుపెడుతుంది. ఆ శక్తి వేడిగానే బయటికొస్తుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కాబట్టి వారానికి రెండు మూడు రోజులైనా గుడ్లు పెట్టుకో. రాత్రి పెనంలో ఉల్లిపాయ వేయించి, టిన్ను టమాటా పోసి, ఉప్పు కారం వేసి దగ్గరపడేదాకా ఉడికించి డబ్బాలో పెట్టుకో. (మిగిలిన టమాటాని టిన్నులోనే వదలకు, గాజు డబ్బాలోకి మార్చు.) పొద్దున అందులోంచి రెండు గరిటెలు పెనంలో మరిగించి, రెండు గుంటలు చేసి గుడ్లు కొట్టి మూతపెట్టు. 5, 6 నిమిషాలకి తెల్లసొన గట్టిపడుతుంది. నీ బ్రెడ్డు దీనితో తిను.

స్టవ్ అసలు దొరకని రోజుకి వెడల్పు మూతి ఉన్న స్టీలు ఫ్లాస్క్ ఒకటి కొనుక్కో. కెటిల్‌లో మరిగించిన నీళ్లు నిండా పోసి 5 నిమిషాలు ఉంచి పారబోయి. ఆ వేడెక్కిన ఫ్లాస్క్‌లో రోల్డ్ ఓట్స్, ఉప్పు, ఎండుద్రాక్ష వేసి మళ్లీ మరిగే నీళ్లు పోసి బిగించు. నువ్వు క్లాసుకి చేరేలోగా తినడానికి సిద్ధంగా ఉంటుంది. పాలు మాత్రం అందులో పోయకు. కెటిల్‌లో కూడా నీళ్లు తప్ప ఏదీ మరిగించకు.

చివరగా ఒక మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. గది వెచ్చబడాలని గ్యాస్ స్టవ్‌గానీ ఓవెన్‌గానీ వెలిగించి వదలకు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వండేటప్పుడు గిన్నెకి మూతపెట్టు, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచు. లేకపోతే ఆవిరంతా చల్లటి గోడలకి పట్టి బూజు వస్తుంది.

మరో జవాబు:

అక్క చెప్పినవన్నీ బాగున్నాయి. నేను రాజ్మా గురించి హెచ్చరిద్దామని రాస్తున్నాను. చవక కదా అని చలికాలం చాలామంది ఎండు రాజ్మా కొని స్లో కుక్కర్‌లో, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో, పడేస్తారు. అది ప్రమాదం. సరిగా ఉడకని రాజ్మాలో విషం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోదు. నాలుగైదు గింజలకే వాంతులు పట్టుకోవచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెరలకాగుతుండగా కనీసం 10 నిమిషాలు, వీలైతే అరగంట ఉడకనివ్వాలి. టిన్నులో వచ్చేవి ముందే ఉడికినవి, వాటితో భయం లేదు. నీకు సమయం తక్కువ కాబట్టి టిన్ను శనగలే మేలు. నీళ్లు వంచేసి, కడిగి, రాత్రి ఉడికించి పెట్టుకున్న బంగాళాదుంప ముక్కలతో కలిపి పెనం మీద వేయించుకో, 7 నిమిషాల పని.

ఇంకోటి, నీది కరెంటు ప్లేటు స్టవ్ అయితే రెండు నిమిషాలు ముందే ఆపెయ్యి. ప్లేటు వేడికే మిగతాది ఉడికిపోతుంది.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. నిన్న రాత్రి జావ చేశాను, ఈ రోజు మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యలేదు. నా రూమ్మేట్లూ అడిగి తాగారు. ఆదివారం పెద్ద గిన్నెడు చేసి వారమంతా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు:

సంతోషం తమ్ముడూ. వారమంతా ఫ్రిజ్‌లో వద్దు. అన్నం ఉన్న దేనిలోనైనా ఉడికినా చావని బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. బయట వెచ్చగా ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ మరిగించినా ఆ విషం పోదు. కాబట్టి వండాక గిన్నెలోనే రాత్రంతా వదలకు. వెడల్పు పళ్లెంలో పోసి తొందరగా ఆరనిచ్చి, గంటలోపు డబ్బాల్లోకి సర్దు. రేపటిది ఫ్రిజ్‌లో, మిగతావన్నీ ఫ్రీజర్‌లో. డబ్బా అంచు దాకా నింపకు, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. రోజూ పడుకునే ముందు ఒక డబ్బా ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించుకో. పొద్దునకి జావ గట్టిపడి ఉంటుంది, అరకప్పు నీళ్లు కలిపి పొగలు వచ్చేదాకా మరిగించు. ఒకసారి వేడిచేసింది మళ్లీ దాచకు, మిగిలితే రూమ్మేట్లకి పెట్టెయ్యి.