డెంగ్యూ తగ్గింది, క్రియాటినిన్ మాత్రం దిగడం లేదు

మా నాన్నకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. పోయిన నెల డెంగ్యూ వచ్చింది. ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల లెక్కే చూస్తూ కూర్చున్నాం, కిడ్నీల సంగతి ఎవరికీ తట్టలేదు. ఐదో రోజు మూత్రం డికాషన్ రంగులో, అరగ్లాసు కూడా రాలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 3.1కి పెరిగింది! జ్వరం మొదట్లో ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకున్నారట. డెంగ్యూలో అది వాడకూడదని తర్వాత తెలిసింది. డయాలసిస్ దాకా పోలేదు, అదే నయం.

ఇప్పుడు ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయి, క్రియాటినిన్ మాత్రం 1.9 దగ్గరే ఆగింది. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా అయిందా? మామూలుకి రావడానికి ఎన్నాళ్లు పట్టింది? నీళ్లు బాగా తాగించమని ఒకరు, కొలిచి ఇమ్మని ఇంకొకరు. అమ్మకి ఒకటే టెన్షన్. డాక్టరు గారు రెండు వారాలు చూద్దామన్నారు. ఆగమంటారా, ఇప్పుడే నెఫ్రాలజిస్టుకు (కిడ్నీల డాక్టరుకు) చూపించమంటారా?