ఎల్లింగ్టనా, బేసీయా: మూడు నిమిషాల రికార్డు విని తేల్చగలమా?

హై హ్యాట్

బిగ్ బ్యాండ్ల (పెద్ద జాజ్ వాద్యబృందాల) ప్రస్తావన వస్తే అందరూ మొదట చెప్పే పేరు డ్యూక్ ఎల్లింగ్టన్. ఆ తర్వాతే కౌంట్ బేసీ. ఈ వరుసను నేను ఒప్పుకోను. 1937 నుంచి 1939 దాకా బేసీ నడిపిన బ్యాండును మించినది జాజ్‌లో లేదని నా గట్టి నమ్మకం. కాదనేవారు కారణాలు చెప్పి కాదనండి.

ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల సంగీతం. ఎల్లింగ్టన్ ఆ నిడివికి సరిగ్గా అమరేట్టు రాయడంలో ఆరితేరాడు. బేసీ మనుషులు మాత్రం కాన్సాస్ సిటీలో రీనో క్లబ్బు లాంటి చోట్ల తెల్లవార్లూ వాయించి చేయి తిరిగినవారు. కాగితం మీద ఉండేది తక్కువ. ఒకరు చిన్న స్వరాల ముక్క ఎత్తుకుంటే శాక్సొఫోన్ల వరుస దాన్ని అందుకునేది, ట్రంపెట్లు బదులిచ్చేవి, ట్రాంబోన్లు ఇంకో ముక్క జోడించేవి. డ్యాన్సు చేసేవారికి ఓపిక ఉన్నంతసేపు పాట సాగేది. అంతటి ప్రవాహంలో ఒక చెంబెడు నీళ్లు మాత్రమే డెక్కా కంపెనీ రికార్డుల్లో మనకు దక్కాయి. దానికీ బేసీకి ముట్టింది 24 పాటలకు 750 డాలర్లు, రాయల్టీ అసలే లేదు.

1937 జూలైలో రికార్డు చేసిన 'వన్ ఓక్లాక్ జంప్' వినండి. బేసీ పియానోతో ఎఫ్ శ్రుతిలో మొదలుపెడతాడు. తర్వాత బ్యాండు డి ఫ్లాట్ శ్రుతికి మారుతుంది. హెర్షెల్ ఎవాన్స్ టెనర్ శాక్సొఫోన్ నిండుగా, బరువుగా, స్వరం చివర కంపిస్తూ పలుకుతుంది. కాసేపటికి లెస్టర్ యంగ్ అదే వాద్యం అందుకుంటే అసలు వేరే వాద్యమేమో అనిపిస్తుంది. కంపనం దాదాపు లేదు, తొందర లేదు, లయ మీద తేలిపోతూ ఉంటాడు. ఒకే బ్యాండులో, ఒకే పాటలో రెండు విరుద్ధ మార్గాలు. ఇద్దరికీ దక్కింది తలా పన్నెండు బార్లు (బారంటే ఇక్కడ నాలుగు దెబ్బల తాళపు కొలత)! క్లబ్బులో అయితే ఎన్ని ఆవర్తనాలు నడిపేవారో ఊహించుకోండి.

ఇంకో నష్టం కూడా చెప్పాలి. ఆ రోజుల్లో బేసీ బ్యాండుతో పాడిన గాయని బిల్లీ హాలిడే. ఆమె ఒప్పందం వేరే కంపెనీతో ఉండటం వల్ల బేసీతో కలిసి స్టూడియోలో ఒక్క పాట కూడా రికార్డు కాలేదు. మిగిలినవి రేడియో ప్రసారాల నుంచి పట్టుకున్న కొన్ని పాటలే.

నీలాంబరి

హై హ్యాట్ గారూ, మీ లెక్కలో ఒక తిరకాసు ఉంది. రికార్డుల్లో లేనిదాన్ని బేసీ ఖాతాలో జమ చేస్తున్నారు, రికార్డుల్లో ఉన్నదాన్ని నిడివి పేరు చెప్పి ఎల్లింగ్టన్ ఖాతాలోంచి తీసేస్తున్నారు. మూడు నిమిషాల్లో ఒక సంపూర్ణ రచన చేయగలగడం లోపం ఎలా అవుతుంది?

1940 మార్చిలో షికాగోలో రికార్డు చేసిన 'కో-కో' చూడండి. నిర్మాణం చాలా మామూలుది, 'ఇ ఫ్లాట్ మైనర్' శ్రుతిలో, పన్నెండు బార్ల చట్రం మళ్లీ మళ్లీ తిరిగే బ్లూస్. హ్వాన్ టిజోల్ వాల్వ్ ట్రాంబోన్ మీద చిన్న పిలుపు ఇస్తాడు, శాక్సొఫోన్లు బదులిస్తాయి. తర్వాత ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోన్ మూతి ముందు రబ్బరు ప్లంజర్ (సింకు తూము శుభ్రం చేసే గిన్నె లాంటిది) పెట్టి మూస్తూ తెరుస్తూ వాయిస్తాడు. ఆ శబ్దం అచ్చం మనిషి గొంతు చించుకుని ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. ఎల్లింగ్టన్ పియానో కింద నుంచి అపస్వరాల్లా తోచే సంగతులు విసురుతుంటాడు. చివరికొచ్చేసరికి బ్యాండు మొత్తం ఆగి ఆగి వాయిస్తుంటే, ఆ ఖాళీల్లో జిమ్మీ బ్లాంటన్ బాస్ ఒంటరిగా నడుస్తుంది. ప్రతి పన్నెండు బార్లకూ ఒత్తిడి ఒక మెట్టు పెరుగుతుంది. వాయిద్యగాళ్ల ముక్కలు పేర్చితే ఇలాంటిది రాదు. దీని వెనక ఒక స్వరకర్త బుర్ర ఉంది.

'మూడ్ ఇండిగో' 1930 నాటిది. మామూలుగా ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ కలిస్తే క్లారినెట్ పైన, ట్రాంబోన్ కింద ఉండాలి. ఎల్లింగ్టన్ మ్యూట్ (నాదాన్ని అణిచే మూత) పెట్టిన ట్రాంబోన్‌ను పైకి తెచ్చి, క్లారినెట్‌ను అడుగు స్థాయికి దించాడు. మూడే వాద్యాలు, అంతకు ముందు ఎవరూ వినని రంగు. బేసీ బ్యాండులో నాకు దొరకనిది ఇదే. హ్యారీ కార్నీ బారిటోన్ శాక్సొఫోన్ లేకపోతే, జానీ హాజెస్ ఆల్టో శాక్సొఫోన్ లేకపోతే ఆ రచనలే ఉండవు. ఎవరి గొంతు ఎలా ఉంటుందో తెలిసి, ఆ మనిషి కోసమే రాశాడు. అందుకే కార్నీ 1927లో చేరి, 1974లో ఎల్లింగ్టన్ పోయేదాకా ఆయన్ని వదల్లేదు.

మృదంగం

పోటీ ఈ ఇద్దరి మధ్యే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. డ్రమ్మర్ చిక్ వెబ్ ఏమయ్యాడు?

న్యూయార్క్ హార్లెంలో లెనాక్స్ అవెన్యూ మీద సావోయ్ బాల్‌రూమ్ ఉండేది. నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద డ్యాన్సు చేసిన చోటు. అందులో రెండు వేదికలు. ఒక బ్యాండు ఆపగానే రెండోది అందుకునేది. 1937 మే 11న అప్పటికే దేశమంతా 'స్వింగ్ రాజు' (స్వింగ్ అంటే డ్యాన్సుకు వాయించే ఆనాటి బిగ్ బ్యాండ్ జాజ్) అని పిలుస్తున్న బెన్నీ గుడ్‌మన్ తన బ్యాండుతో అక్కడ పోటీకి దిగి, ఆ బాల్‌రూమ్ సొంత బ్యాండు నాయకుడైన వెబ్ చేతిలో ఓడిపోయాడు. తనను మించినవాడి చేతిలోనే ఓడానని గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా తర్వాత బాహాటంగా ఒప్పుకున్నాడు. మరుసటి జనవరిలో అదే సావోయ్‌లో వెబ్‌తో తలపడింది హై హ్యాట్ గారి బేసీయే. ఎవరు గెలిచారన్నదానిపై అప్పటి పత్రికలే రెండుగా చీలిపోయాయి.

వెబ్ వెన్నెముక క్షయతో బాధపడ్డ మనిషి. ఆ నొప్పితోనే కూర్చుని బ్యాండు మొత్తాన్ని డ్రమ్ముల మీద నుంచి నడిపాడు, 1939లో పోయాడు. రికార్డు చాలా అన్యాయం చేసింది ఆయనకే. ఆనాటి స్టూడియోలో డ్రమ్ముల అడుగు నాదం సరిగ్గా ఎక్కేది కాదు. నేను మృదంగం వాయిస్తాను. తొప్పి నాదం వినపడకుండా వలంతల మాత్రమే పట్టిన రికార్డు విని నా వాయిద్యం మీద తీర్పు ఇస్తే ఒప్పుకుంటానా?

హై హ్యాట్

మృదంగం గారూ, వెబ్ విషయంలో మీతో పోట్లాడను. నా వాదనకే మీరు బలం ఇచ్చారు.

నీలాంబరి గారూ, స్వరకర్త బుర్ర అన్నారు. ఆ బుర్ర ఎవరిదో కాస్త చూద్దాం. 'మూడ్ ఇండిగో' రచయితల్లో క్లారినెట్ వాయించిన బార్నీ బిగార్డ్ పేరుంది, మేనేజర్ ఇర్వింగ్ మిల్స్ పేరు కూడా ఉంది. 'కారవాన్' బాణీ టిజోల్‌ది. 'సోఫిస్టికేటెడ్ లేడీ'లోని ముఖ్యమైన స్వరం తనదేనని ట్రాంబోన్ వాయించిన లారెన్స్ బ్రౌన్ చెప్పుకున్నాడు. బ్యాండు గుర్తుగా నిలిచిన 'టేక్ ది ఎ ట్రైన్' ఎల్లింగ్టన్‌తో కలిసి పనిచేసిన స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ రచన. బేసీ దగ్గర అందరూ కలిసి చేసినదాన్ని మనం 'పేర్చిన ముక్కలు' అంటున్నాం. ఎల్లింగ్టన్ దగ్గర అందరూ కలిసి చేసినదాన్ని 'ఒక మేధావి రచన' అంటున్నాం. ఈ తేడా ఎందుకు?

నీలాంబరి

ఆ సొమ్ములు, పేర్ల విషయంలో అన్యాయం జరిగిందన్నది నిజమే, దాన్ని నేను సమర్థించను. కానీ బిగార్డ్ గానీ, టిజోల్ గానీ, బ్రౌన్ గానీ సొంతంగా 'కో-కో' లాంటిది రాయలేదు. బాణీ తెచ్చి ఇవ్వడం వేరు, దాన్ని పదిహేను మంది గొంతుల్లో పంచి ఒక రూపానికి తేవడం వేరు. స్ట్రేహార్న్ మాత్రం నిజంగానే ఆ స్థాయివాడు. ఆయన పేరు ఎల్లింగ్టన్ పేరు పక్కనే అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ఇక రికార్డు నిడివి గురించి. 1940 నవంబరు 7న ఉత్తర డకోటాలోని ఫార్గోలో క్రిస్టల్ బాల్‌రూమ్ అనే చోట ఎల్లింగ్టన్ బ్యాండు డ్యాన్సుకు వాయించింది. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు యువకులు అనుమతి తీసుకుని, మోసుకుపోగల యంత్రంతో పెద్ద డిస్కుల మీద ఆ రాత్రిని రికార్డు చేశారు. ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ అప్పుడే గుడ్‌మన్ దగ్గరికి వెళ్లిపోయాడు, బదులుగా వచ్చిన రే నాన్స్ చేరి కొద్ది రోజులే. అయినా ఆ బ్యాండు ఎంత ఊపుతో ఉందో వినండి! 'స్టార్‌డస్ట్'లో బెన్ వెబ్‌స్టర్ టెనర్ వింటే తెలుస్తుంది, ఎల్లింగ్టన్ తన మనుషులకు చోటు ఇవ్వడని చెప్పడం ఎంత పొరపాటో. స్టూడియోకు కొలిచి రాసుకున్న 'కో-కో' కూడా అక్కడ డ్యాన్సు నేల మీద నిలబడింది. మీరు బేసీకి మాత్రమే ఉందంటున్న రెండో జీవితం ఎల్లింగ్టన్‌కూ ఉంది. అదీ రుజువుతో సహా.

కార్నెట్

గుడ్‌మన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్ పాలోమార్ బాల్‌రూమ్‌లో జనం వెర్రెత్తిపోయిన రాత్రిని స్వింగ్ యుగానికి ఆరంభంగా రాస్తారు. ఆ రాత్రి వాళ్లను కదిలించిన కూర్పుల్లో చాలా భాగం ఫ్లెచర్ హెండర్సన్‌వి. సొంత బ్యాండు 1934 చివరికి చెదిరిపోయాక ఆయన వాటిని గుడ్‌మన్‌కు అమ్ముకున్నాడు. శాక్సొఫోన్ల వరుస ఒకవైపు, ఇత్తడి వాద్యాల వరుస మరోవైపు పెట్టి ప్రశ్న, జవాబు నడిపే పద్ధతిని 1920ల్లోనే హెండర్సన్, డాన్ రెడ్‌మన్ రూపొందించారు. మీరిద్దరూ పొగిడే బ్యాండ్లు రెండూ ఆ పునాది మీద లేచినవే. గుడ్‌మన్‌కు నేను ఇచ్చే గౌరవం వేరే కారణానికి. తెల్లజాతివాడై ఉండి, నల్లజాతి వాద్యకారులు టెడ్డీ విల్సన్‌ను, లయనల్ హాంప్టన్‌ను తన వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1936లో అది చిన్న విషయం కాదు.

ఇంకొక బ్యాండు పేరు ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు. ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్. మిసిసిపీలోని పైనీ వుడ్స్ పాఠశాలలో 1937లో మొదలైన ఆడపిల్లల బ్యాండు. నల్లజాతి, తెల్లజాతి, ఆసియా, లాటిన్ మూలాల అమ్మాయిలు కలిసి వాయించారు. దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగేటప్పుడు చట్టం కంటపడకుండా తెల్లజాతి సభ్యులు ముఖానికి ముదురు రంగు పూసుకోవాల్సి వచ్చేది. బస్సులోనే తిని బస్సులోనే పడుకున్నారు. వయ్ బర్న్‌సైడ్ టెనర్ ఏ మగవాడికీ తీసిపోదు. వాళ్ల స్టూడియో రికార్డులు అతి కొద్ది. రేడియో ప్రసారాల వల్లే వాళ్ల సత్తా మనకు తెలిసింది. రికార్డును బట్టి చరిత్ర రాస్తే ఎవరు మాయమవుతారో దీన్నిబట్టి చూడండి.

సోమవారం

అందరూ 1940 దగ్గరే ఆగిపోయారు. బేసీ 1950లో బ్యాండు రద్దు చేసి, 1952లో కొత్తది కట్టాడు. నీల్ హెఫ్టీ కూర్పులతో 1957లో రికార్డు చేసిన 'అటామిక్ బేసీ'లో 'లిల్ డార్లిన్' ఎంత నెమ్మదిగా నడుస్తుందో! అంత విలంబంలో లయ జారకుండా పదహారు మంది కలిసి నిలవడం వేగంగా వాయించడం కన్నా కష్టం. నా ఓటు ఆ బ్యాండుకు. దానిలోంచి వచ్చిన థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్‌తో కలిసి 1966 ఫిబ్రవరిలో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో సోమవారం రాత్రుల బ్యాండు మొదలుపెట్టాడు. ఇద్దరూ పోయినా ఆ పరంపర ఆగలేదు.

నీలాంబరి

కాలం ముందుకు తెచ్చారు కాబట్టి చెబుతాను. ఎల్లింగ్టన్ 1963లో అమెరికా విదేశాంగ శాఖ తరఫున పశ్చిమాసియాతో పాటు మన దేశానికీ వచ్చాడు. ఆ ప్రయాణం 1966లో రికార్డు చేసిన 'ఫార్ ఈస్ట్ సూట్' ఆల్బమ్ అయింది. ఢిల్లీలో స్ట్రేహార్న్ విన్న గోరింక కూత అందులో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద పలుకుతుంది. 'ఆగ్రా'లో మళ్లీ అదే కార్నీ బారిటోన్, నలభై ఏళ్ల సహవాసం తర్వాత. మన దేశపు రాగాన్ని అనుకరించే ప్రయత్నమే చేయలేదు. తను విన్నదాన్ని తన బ్యాండు గొంతులోనే చెప్పాడు. అరవై ఏడేళ్ల వయసులో ఇంత కొత్తగా రాసిన బ్యాండు నాయకుడు ఇంకొకరు ఎవరు?

హై హ్యాట్

ఫార్గో రికార్డు గొప్పదే. దానికి జవాబుగా ఒకటి వినమంటాను. బిల్ సేవరీ అనే సౌండ్ ఇంజనీరు 1930ల చివర్లో రేడియో ప్రసారాలను పెద్ద డిస్కుల మీద, మూడు నిమిషాల హద్దు దాటి, రికార్డు చేసి దాచాడు. 2010లో అవి హార్లెంలోని జాజ్ మ్యూజియంకు చేరాయి. అందులో లెస్టర్ యంగ్, హెర్షెల్ ఎవాన్స్ ఇద్దరూ ఉన్న బేసీ బ్యాండు ఉంది. ఎవాన్స్ 1939 ఫిబ్రవరిలో చనిపోయాడు కాబట్టి ఆ జంట దొరికే చోట్లు చాలా తక్కువ. ఇక్కడ లెస్టర్‌కు తొందర లేదు. ఒక ఆలోచన ఎత్తుకుని, దాన్ని తిప్పి, వదిలేసి, మళ్లీ అందుకునే వ్యవధి దొరికింది.

వినేటప్పుడు దృష్టి లెస్టర్ మీద పెట్టకుండా, వెనక ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్ మీద పెట్టండి. యాంప్లిఫయర్ లేని గిటార్. బారుకు నాలుగు మీట్లు, అన్నీ సమానం. విడిగా వినిపించదు. వాల్టర్ పేజ్ బాస్‌తో, జో జోన్స్ డ్రమ్ముల్లోని హై హ్యాట్‌తో (కాలితో మూసి తెరిచే తాళాల జత) కలిసిపోయి ఉంటుంది. ఈ మనిషి 1937లో చేరాడు. మధ్యలో బ్యాండు రద్దయిన రోజులు తీసేస్తే, బేసీ పోయిన తర్వాత కూడా, 1987లో తను పోయేదాకా అదే కుర్చీలో ఉన్నాడు. సోలో దాదాపు తీసుకోలేదు. నీలాంబరి గారు కార్నీని చూపిస్తే నేను గ్రీన్‌ను చూపిస్తాను. ఎల్లింగ్టన్ దగ్గర లయ అంత బిగువుగా నిలిచింది బ్లాంటన్ ఉన్న రెండేళ్లు. అతను 1942లో క్షయతో పోయాక ఆ బ్యాండు నడక మళ్లీ ఆ స్థాయికి చేరిందని నేను అనుకోను. చేరిందంటే ఏ రికార్డులోనో చెప్పండి, ఈ రాత్రే వింటాను.

నీలాంబరి

1956 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. ఎల్లింగ్టన్ బ్యాండులో టెనర్ వాయించే పాల్ గొన్సాల్వెజ్ ఏకబిగిన 27 కోరస్‌లు (పాట చట్రం ఒక్కో ఆవర్తనం ఒక కోరస్) వాయించిన రాత్రి. పాత ఎల్‌పీ వద్దు, అందులో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించినది. గొన్సాల్వెజ్ ఆ రాత్రి రికార్డు కంపెనీ మైకు వదిలి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు నిలబడ్డాడు. ఆ రేడియో టేపు దొరికాక, దాన్నీ కంపెనీ టేపునూ కలిపి 1999లో విడుదల చేశారు, అది వినండి. శామ్ వుడ్‌యార్డ్ డ్రమ్ములు, జిమ్మీ వుడ్ బాస్ మీద చెవి పెట్టండి. పద్నాలుగు నిమిషాల పైచిలుకు. విన్నాక ఇక్కడే రాయండి.