ముంగాలి ఎముక సలుపు: కర్నూలులో ఎక్కడ పరుగెత్తేది?

నెల కిందట కె.సి. కాలువ పక్క సిమెంటు రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాను. మూడో వారానికే 2 కిలోమీటర్ల నుంచి 6కి పోయాను. ఇప్పుడు మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడవునా ఒకటే సలుపు. దానికితోడు కుక్కలు!

జవాబు: అన్నా, సిమెంటు కంటే దూరం ఒక్కసారిగా పెంచడమే అసలు తప్పు. నేనూ అదే చేసి రెండు వారాలు ఆగిపోయా. తగ్గాక ఔట్‌డోర్ స్టేడియంలో మట్టి మీద మెల్లగా మొదలుపెట్టు. హైవే పక్కకు మాత్రం పోవద్దు.

జవాబు: వేలితో నొక్కి చూడండి. రూపాయి బిళ్ళంత చోటే కలుక్కుమంటే, పడుకున్నా నొప్పి ఉంటే, ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి.

నొక్కి చూశాను సార్, పొడవునా ఉంది. రాత్రి నొప్పి లేదు. షూ అయితే తమ్ముడిది, అర సైజు బిగుతు.