హిమానీనదాల గ్రాఫును బొమ్మగా వేయమన్నారు: శాస్త్రవేత్తలతో ఎలా పనిచేయాలి?

నీటిరంగులు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను వాటర్‌కలర్ బొమ్మలు వేస్తాను. హిమానీనదాలను కొలిచే ఒక పరిశోధక బృందం తమ ప్రదర్శన కోసం నన్ను పిలిచింది. ఏటా ఎంత మంచు పేరుకుంది, ఎంత కరిగింది అన్న లెక్కలు వాళ్ల దగ్గర దశాబ్దాలవి ఉన్నాయి. "గ్రాఫులు జనానికి ఎక్కడం లేదు, మీరు కాస్త అందంగా వేసిపెట్టండి" అన్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, వాళ్ల గ్రాఫులో గీతకు అటూ ఇటూ బూడిదరంగు పట్టీ ఒకటి ఉంది. కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే పట్టీ అది. గీతను కొండ అంచుగా మలిచి పట్టీ లేకుండా వేస్తానన్నాను. వాళ్లు ససేమిరా అన్నారు. పట్టీ ఉంటే బొమ్మలో జీవం పోతుందని నా బాధ, తీసేస్తే అబద్ధమవుతుందని వాళ్ల బాధ. ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి, ఎవరు ఎక్కడ తగ్గాలి?

వానలెక్క:

నేను ఉష్ణోగ్రతల రికార్డుల మీద పనిచేస్తాను. పట్టీ తీసేయకండి, అది వాళ్ల నిజాయితీ. అయితే దాన్ని బూడిదరంగులోనే చూపాలని ఎక్కడా లేదు.

2018లో రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ చేసిన వార్మింగ్ స్ట్రైప్స్ చూసే ఉంటారు. ఏడాదికో నిలువు చార, చల్లటి ఏళ్లకు నీలం, వేడి ఏళ్లకు ఎరుపు. అంకెలు లేవు. ఏది వదిలేయవచ్చో లెక్కలు తెలిసిన మనిషే తేల్చాడు కాబట్టి అది నిలబడింది. ఏ కాలపు సగటు దగ్గర నీలం ఆగి ఎరుపు మొదలవ్వాలన్నది కూడా ఒక ఎంపికే. ఆ కాలాన్ని మారిస్తే రంగు మారే చోటు జరుగుతుంది, వేడెక్కుతున్న వరస మాత్రం మారదు. మీ బొమ్మలోనూ ఇలాంటి ఎంపికలు ఉంటాయి. కుంచె తడపకముందే అందరూ కూర్చుని వాటిని తేల్చుకోవాలి. చివర్లో పిలిచి అందం అద్దమనడం నాకు నచ్చదు.

నాకు బాగా ఇష్టమైన పని సంగీతంలో ఉంది. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి డేనియల్ క్రాఫర్డ్, అక్కడి అధ్యాపకుడు స్కాట్ సెయింట్ జార్జ్‌తో కలిసి 1880 నుంచి ఉన్న భూగోళపు సగటు ఉష్ణోగ్రతలను చెల్లో అనే పెద్ద తీగవాద్యం మీద వాయించాడు. ఏడాదికో స్వరం. అతి చల్లటి ఏడాదికి ఆ వాద్యంలో అన్నిటికన్నా కింది స్వరం, వేడి పెరిగేకొద్దీ పైకి. నియమం ముందే పెట్టుకున్నారు కాబట్టి, వినసొంపు కోసం ఏ స్వరాన్నీ పక్కకు జరపలేదు. చివరి దశాబ్దాలు వచ్చేసరికి స్వరాలు పైపైకి ఎక్కిపోతుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ లెక్కలు రోజూ చూసే నాకే!

ఇక మీ పట్టీ. అది ఎంత వెడల్పుందో కాగితం మీద అంతమేరే మంచినీళ్లతో తడపండి. మధ్యలో గీత ఉన్నచోట రంగు వదలండి. తడి ఉన్నంతవరకే రంగు పారుతుంది కదా, కొలతలు తక్కువగా ఉండి పట్టీ వెడల్పుగా ఉన్న పాత ఏళ్ల దగ్గర అంచు మసకబారుతుంది, ఇటీవలి ఏళ్లలో పదునుగా నిలుస్తుంది. బొమ్మ కింద ఒక్క వాక్యంలో ఆ నియమం రాస్తే చాలు.

గోడమీద:

నేను ప్రదర్శనలు ఏర్పాటు చేస్తుంటాను. పైన చెప్పినదంతా ఒప్పుకుంటూ ఇంకో మాట. కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ మంచు దిమ్మలను 2014లో కోపెన్‌హేగన్‌లో, 2015లో పారిస్‌లో, 2018లో లండన్‌లో ఆరుబయట పెట్టారు. అప్పటికే విరిగి సముద్రపు పాయలో తేలుతున్నవే తెచ్చారు. జనం వాటిని నిమిరారు, చెవి ఆనించి విన్నారు. కరిగేటప్పుడు మంచులో చిక్కుకున్న పాతకాలపు గాలి బుడగలు చిటపటమంటాయి. మంచు పొరల్లోని అలాంటి గాలినే పరీక్షించి శాస్త్రవేత్తలు వేల ఏళ్ల కిందటి కార్బన్ డయాక్సైడ్ ఎంతో చెబుతారు. అక్కడ శాస్త్రానికి అలంకారం అవసరం పడలేదు.

పారిస్ వాతావరణ సదస్సు సమయంలో ప్రదర్శించిన 37 కళాకృతుల గురించి 874 మంది ప్రేక్షకులను అడిగి లారా సోమర్, క్రిస్టియన్ క్లోక్నర్ ఒక అధ్యయనం చేశారు. ప్రకృతి అందంతో పాటు పరిష్కారాన్నీ చూపిన కొద్దిపాటి పనులే జనాన్ని ఎక్కువగా కదిలించాయి. కాబట్టి కరిగిపోయే మంచు దగ్గరే ఆగకండి. ఇప్పటినుంచి ఉద్గారాలు తగ్గిస్తే ఎంత మంచు మిగులుతుందో కూడా బృందాన్ని అడిగి వేయండి.

చిత్తుప్రతి:

ఒప్పందం కాగితం మీద పెట్టుకోండి. పారితోషికం, బొమ్మ మీద ఎవరి పేర్లు, తుదిమాట ఎవరిది అన్నవి ముఖ్యం. లెక్క తప్పయితే ఆపే హక్కు వాళ్లకు, కూర్పు మీద హక్కు మీకు.

నీటిరంగులు:

వానలెక్క గారూ, పట్టీ మేర తడపమన్నారు చూడండి, అది చదవగానే ఒక ముక్క కాగితం మీద వేసి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది! ఏడాదివారీగా పట్టీ వెడల్పులు పంపమని బృందానికి రాశాను. గోడమీద గారు చెప్పినట్టు, ఉద్గారాలు తగ్గిస్తే ఎంత మంచు మిగులుతుందో కూడా అడుగుతాను. ఒక్క సందేహం మిగిలింది. మధ్యలో కొన్నేళ్లు అసలు కొలతలే లేవు. అక్కడ కాగితం ఖాళీగా వదిలేయనా?

వానలెక్క:

వదిలేయండి. రెండు కొసలను మాత్రం కలపకండి. కలిపితే ఆ ఏళ్లలోనూ కొలిచారనుకుంటారు చూసేవాళ్లు.