ఫ్లై రాడ్డుతో కొర్రమీను పట్టినోళ్లు ఎవరన్నా ఉన్నారా?

అందరికీ నమస్తే, మాది నెల్లూరు, ఆరుగురం ఒక బ్యాచ్, ఆదివారం తెల్లారే ఇడ్లీ పొట్లాలు కట్టించుకొని గాలాలేసుకొని చుట్టుపక్కల చెరువులకి పోతుంటాం, ఎప్పుడన్నా సోమశిల దాకా. మొన్న మాలో ఒకాయనకి వాళ్ల బామ్మర్ది అమెరికా నుంచి ఫ్లై రాడ్డు తెచ్చాడు. మామూలు గాలానికి బరువు చివర్లో ఉంటది గదా, దీనికేమో దారమే బరువు, ఫ్లై అంటే ఈకలు చుట్టిన చిన్న కొక్కెం, దూదిలాగా ఉంది, అది ముందుకి పడాలంటే దారాన్ని ఒకసారి వెనక్కి బారుగా విసరాల. ఇక్కడే వచ్చింది తంటా, కట్ట మీద వెనకంతా సర్కారుతుమ్మ, మూడు ఫ్లైలు దాంట్లోనే పొయ్యాయి, నాలుగోది మా పెద్దాయన లుంగీకి పట్టుకుంది.

వెనక్కి విసరకుండా వేసే రోల్ కాస్ట్ అని ఒకటుందంట, కట్ట మీద నుంచి కుదురుద్దా? ఇంకోటి, తామరాకుల సందులో కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చి బుడుక్కున మునుగుద్ది, సరిగ్గా అక్కడ కప్పలాగా కట్టిన ఫ్లై వేస్తే నాచుకి తగులుకుంటా ఉంది, ఏం చెయ్యాల? (చెరువు చేపల సొసైటీ వాళ్లని అడిగే దిగుతాం లెండి, ఆ గొడవ లేదు.) మైపాడు వైపు బకింగ్‌హాం కాలవలో పండుగప్పకి ట్రై చేసినోళ్లుంటే పోటప్పుడు (నీళ్లు ఎక్కేటప్పుడు) మంచిదా పాటప్పుడా (నీళ్లు తీసేటప్పుడు), అది కూడా చెప్పండన్నా.