నోట్సు సింక్‌కి సొంత సర్వర్ పెట్టాలా, ఫైళ్ళు నేరుగా పరికరాల మధ్య తిరిగితే చాలదా?

అచ్చుతప్పు

ఆరేళ్ళుగా రాసుకున్న నోట్సు. లెక్కపెడితే నాలుగు వేల పైచిలుకు. విండోస్ లాప్‌టాప్ ఒకటి, లినక్స్ డెస్క్‌టాప్ ఒకటి, ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, మూడిట్లోనూ నోట్సు ఒకేలా ఉండాలి (సింక్ అంటే అదే). ఇన్నాళ్ళూ ఒక క్లౌడ్ యాప్‌లో పెట్టుకున్నా, పేరెందుకులెండి. మొన్న ఎక్స్‌పోర్ట్ నొక్కితే రాతలైతే వచ్చాయి గానీ, బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్లో అంకెల పేర్లతో కుప్పగా పడ్డాయి. ఏ బొమ్మ ఏ నోటుదో ఆ దేవుడికే తెలియాలి. రెండు వారాలు కూర్చుని అన్నీ మార్క్‌డౌన్‌లోకి, అంటే మామూలు టెక్స్ట్ ఫైళ్ళలోకి, తెచ్చుకున్నా. ఇక మళ్ళీ ఇంకొకరి డిస్కు మీద పెట్టేది లేదు.

ఇప్పుడు అసలు గొడవ. ఒక ఫ్రెండు "సింక్‌థింగ్ వేసుకో, సర్వరే అక్కర్లేదు" అంటాడు (పరికరాల మధ్య ఫైళ్ళను నేరుగా పంపే సాఫ్ట్‌వేర్ అది). ఇంకొకడు "జాప్లిన్ సర్వరో, అబ్సిడియన్‌కి కౌచ్‌డీబీ మీద లైవ్‌సింకో పెట్టు, లేకపోతే ఏదో రోజు ఏడుస్తావు" అంటాడు (జాప్లిన్, అబ్సిడియన్ నోట్సు యాప్‌లు, కౌచ్‌డీబీ సర్వర్‌లో నడిచే డేటాబేస్, లైవ్‌సింక్ దాన్ని అబ్సిడియన్‌తో కలిపే ప్లగిన్). ఇద్దరూ ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళే. వాడి దెబ్బ తిన్నవాళ్ళు చెప్పండి, ఏది నమ్మాలి?

చీమలదండు

సింక్‌థింగ్. ఇందులో చర్చకేముంది బ్రో?

2013 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్. మధ్యలో ఎవరి దగ్గరా నీ ఫైలు ఆగదు. ప్రతి పరికరానికీ ఒక పొడుగాటి ఐడీ ఉంటుంది, రెండు వైపులా ఒప్పుకుంటేనే కనెక్షన్. నెట్‌వర్క్‌లు వేరై నేరుగా కలవలేకపోతే మధ్యవర్తిగా ఉండే రిలే సర్వర్ మీదుగా వెళ్తుంది, కానీ అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది కాబట్టి రిలేకి లోపలేముందో తెలీదు. పెద్ద ఫైళ్ళను ముక్కలు చేసి మారిన ముక్కలే పంపుతుంది. నీ నోట్సుకి ఆ సీను కూడా లేదు, 128 కిలోబైట్ల లోపు ఫైలంటే మొత్తం ఒకటే ముక్క. నాలుగు వేలు దానికి లెక్కే కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఫైలు ఫైలుగానే ఉంటుంది. రేపు సింక్‌థింగ్ మాయమైనా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. జాప్లిన్‌లో నోట్సు ఎక్కడుంటాయో తెలుసా? ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో. ఇప్పుడే ఒక పెట్టెలోంచి బయటపడ్డావు, మళ్ళీ ఇంకో పెట్టె ఎందుకు?

నడిరాత్రి

చీమల తమ్ముడు చెప్పినవన్నీ నిజమే. చెప్పనిదే అసలు సంగతి.

సర్వర్ లేదంటే అర్థమేమిటి? రెండు పరికరాలూ ఒకే సమయంలో మేలుకుని ఉండాలి. పొద్దున లాప్‌టాప్‌లో ఒక నోటు సవరించి మూత వేసేశారనుకోండి. ఫోను అప్పటికి నిద్రలో ఉంది, బ్యాటరీ ఆదా పేరుతో ఆండ్రాయిడ్ ఆ యాప్‌ని పక్కన పడుకోబెట్టేసింది. మధ్యాహ్నం ఫోనులో అదే నోటు తెరిచి, పాతదని తెలీక, కింద రెండు లైన్లు చేర్చారు. సాయంత్రం రెండూ కలుసుకుంటాయి. ఇప్పుడు ఏది అసలు?

సింక్‌థింగ్ రెండిటినీ కలపదు. మార్పు సమయం ఎవరిది కొత్తదైతే వాళ్ళ ఫైలు ఉంటుంది. పాతదాని పేరు చివర "సింక్-కాన్‌ఫ్లిక్ట్" అని, తేదీ, సమయం, పరికరం ఐడీలో మొదటి ఏడు అక్షరాలు తగిలించి పక్కన పెడుతుంది. గంట మోగదు, ఎర్ర చుక్క పడదు. పొద్దున రాసిన పేరా మీరు తెరిచే నోటులో ఉండదు, అంతే.

నేను ఏడాది వాడాక ఒక ఆదివారం ఊరికే వెతికితే 61 కాన్‌ఫ్లిక్ట్ ఫైళ్ళు. అందులో ఒకటి మూడు గంటలు కూర్చుని రాసుకున్న ఇంటర్వ్యూ నోట్సు. అది మొదట్లోనే చూసుకోకపోవడం నా తప్పే, సాఫ్ట్‌వేర్ తన పద్ధతి ప్రకారమే నడిచింది. కానీ నోట్సు యాప్ వాడేది బుర్ర మీద భారం తగ్గించుకోడానికి కదా, రోజూ కాన్‌ఫ్లిక్టులు ఏరుకోడానికి కాదు.

జాప్లిన్‌లో అయితే ఇలాంటప్పుడు మీ పరికరంలో ఉన్న కాపీ కాన్‌ఫ్లిక్టుల నోట్‌బుక్‌లోకి వెళ్తుంది, ఎడమ పక్కనే కళ్ళెదుట కనిపిస్తుంది. కౌచ్‌డీబీ అయితే రెండు రూపాలనూ దాచి, ఏ పరికరం నుంచి చూసినా ఒకే విజేతను ఎంచుతుంది. ఓడిందాన్ని చెరపదు. దాని మీద లైవ్‌సింక్ చిన్న చిన్న తేడాలను తనే కలిపేస్తుంది. నేను ఫోనులో టైప్ చేస్తుంటే పక్కనున్న డెస్క్‌టాప్‌లో లైను కదలడం చూశాక ఇక వెనక్కి వెళ్ళలేదు.

చీమలదండు

> రెండు పరికరాలూ ఒకే సమయంలో మేలుకుని ఉండాలి

అక్కా, దానికి మందు అందరికీ తెలిసిందేగా. మూలన పడున్న పాత లాప్‌టాప్ ఒకటి ఎప్పుడూ ఆన్‌లో పెట్టు. మూడోవాడు మెలకువగా ఉంటాడు కాబట్టి మిగతా ఇద్దరూ ఎప్పుడు లేచినా వాడితో కలుస్తారు.

నడిరాత్రి

ఎప్పుడూ ఆన్‌లో ఉండి అందరికీ ఫైళ్ళు అందించేదాన్ని మా కాలంలో సర్వర్ అనేవాళ్ళు తమ్ముడూ.

చీమలదండు

😄 సరే, ఒప్పుకుంటా. కానీ తేడా ఉంది. దానికి డొమైన్ వద్దు, సర్టిఫికెట్ వద్దు, రౌటర్లో పోర్టు తెరవక్కర్లేదు, డేటాబేస్ అప్‌గ్రేడ్ లేదు. అది చచ్చిపోయినా మిగతా రెండిట్లో నోట్సంతా ఉంటుంది. నీ కౌచ్‌డీబీ డిస్కు పోతే?

నడిరాత్రి

పరికరాల్లోనూ ఉంటుంది, కొత్త సర్వర్‌కి మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఆ రోజు సెలవు పెట్టాల్సి వస్తుందన్నది మాత్రం నిజం. 🙂

కమిట్‌దాసు

మీరిద్దరూ కొట్టుకుంటున్నదానికి 2005లోనే జవాబొచ్చింది. దాని పేరు జిట్, ప్రోగ్రామర్లు కోడ్ మార్పుల చరిత్ర దాచుకునే సాధనం.

రెండు వైపులా మారితే, విడిపోకముందు ఉన్న రూపాన్ని కూడా చూసి మూడింటినీ పోల్చి కలుపుతుంది. కలపలేకపోతే ఆగి అడుగుతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రంతా ఉంటుంది. జిట్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ఉన్న ఏ మెషీనైనా రిమోట్ (మార్పులు పంపుకునే ఉమ్మడి చోటు) అవుతుంది, ఇంకే సర్వర్ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఒక్క చిక్కు. జిట్ లైన్ల లెక్కన చూస్తుంది. నోట్సులో పేరా మొత్తం ఒకటే లైను కదా, పేరా మొదట్లో ఒక మాట ఇక్కడ, చివర్లో ఒక మాట అక్కడ మార్చినా కాన్‌ఫ్లిక్టే. అందుకే నేను వాక్యానికో లైను రాస్తా. డైరీలాగా కింద చేర్చుకుంటూ పోయే ఫైళ్ళకి జిట్ ఆట్రిబ్యూట్స్ అనే సెట్టింగుల ఫైల్లో మెర్జ్ (కలిపే) పద్ధతి "యూనియన్" అని పెడితే రెండు వైపుల లైన్లూ ఉంచేస్తుంది, గొడవ లేదు.

అచ్చుతప్పు

దాసు గారూ, ఫోనులో కూడా జిట్టేనా?

కమిట్‌దాసు

టెర్మక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో లినక్స్ కమాండ్లు నడిపే యాప్ అది. అలవాటైపోయింది.

నడిరాత్రి

బస్సులో నిలబడి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ తీర్చే ఓపిక అందరికీ ఉండదు దాసు గారూ. పైగా ఒకసారి పొరపాటున నోటులో పాస్‌వర్డ్ అతికిస్తే, తర్వాత చెరిపినా చరిత్రలో అలాగే కూర్చుంటుంది. కోడ్‌కి చరిత్ర వరం. సొంత రాతల్లో నాకు మర్చిపోవాలనుకున్నవి కూడా ఉంటాయి.

ఐత్వం

ఆలస్యంగా వచ్చాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్తానండి, తెలుగులో రాసేవాళ్ళకి పనికొస్తుంది. అచ్చుతప్పు గారూ, మీ నోట్సు పేర్లు తెలుగులో ఉన్నాయా?

ఉంటే రెండు చిక్కులు. మొదటిది పొడుగు. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్‌4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. అంటే 85 గుర్తులు. చాలనిపిస్తుంది కదా? "స్త్రీ" తీసుకోండి. మన కంటికి ఒకటే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఆరు గుర్తులు, 18 బైట్లు. అలాంటివి పద్నాలుగు పడితే పేరు నిండిపోయినట్టే. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లెక్క వేరు, అక్కడ 255 అనేది 16 బిట్ల యూనిట్లలో, తెలుగు గుర్తుకి ఒకటి చాలు. అందుకని విండోస్‌లో హాయిగా సేవ్ అయిన పొడుగు పేరు లినక్స్‌కి చేరేసరికి ఎర్రర్. పైగా నడిరాత్రి గారు చెప్పిన ఆ కాన్‌ఫ్లిక్ట్ తోక ఇంకో 38 బైట్లు తింటుంది.

రెండోది నా పేరుకి కారణం. "మైదానం"లో ఐత్వం ఉంది చూశారా, యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఐ నిడివి గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. రెండూ ప్రామాణికంగా సమానమే, తెర మీద తేడా తెలీదు, బైట్లు వేరు. పాత మాక్ డిస్కుల ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసే దాచేది. ఆ ఫైళ్ళు లినక్స్‌కి వస్తే ఒకే ఫోల్డర్లో రెండు "మైదానం"లు కనిపించొచ్చు. ఒకటి తెరిచి సవరిస్తాం, లింకు ఇంకోదానికి పోతుంది. సింక్‌థింగ్‌లో దీన్ని సర్దే సెట్టింగు మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. జిట్‌కి కూడా మాక్‌లో దీనికి విడిగా ఒక సెట్టింగు ఉంది.

జాప్లిన్‌కి ఈ రెండు బాధలూ లేవు. సింక్ ఫోల్డర్లో ఫైలు పేరు 32 అక్షరాల ఐడీ, శీర్షిక లోపల ఉంటుంది. చీమలదండు గారు తిట్టిన ఆ పెట్టె ఇక్కడ పనికొచ్చింది.

చీమలదండు

ఇది నాకు తెలీదు మాస్టారూ. ఇప్పుడే చూశా, నా దగ్గర "కైవారం" రెండున్నాయి. 😐

గుండుసూది

ఐఫోన్ వాళ్ళం కూడా ఉన్నాం ఇక్కడ.

నడిరాత్రి

ఐఫోన్‌కి సింక్‌థింగ్ వాళ్ళ సొంత యాప్ లేదండి. మోబియస్ సింక్ లాంటివి బయటివాళ్ళు చేసినవి. యాప్ వెనకాల ఉన్నప్పుడు పని చేసుకోనిచ్చే సమయం ఐఓఎస్ చాలా తక్కువ ఇస్తుంది, అందుకని తెరిచి కాసేపు పట్టుకుని కూర్చోవాలి. ఐఫోన్ ఉంటే వెబ్‌డావో (వెబ్ మీదుగా ఫైళ్ళు పంచుకునే పద్ధతి), జాప్లిన్ సర్వరో, లైవ్‌సింకో చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో కూడా వాళ్ళ అధికారిక యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది దాని ఫోర్క్ (అదే కోడ్ తీసుకుని వేరేవాళ్ళు నడిపేది).

గుండుసూది

సర్వర్ పెడితే బయటికి తెరవాలా?

నడిరాత్రి

అస్సలు వద్దు. కౌచ్‌డీబీ 5984 పోర్టుని ఇంటర్నెట్ వైపు తెరిచి పెట్టడమంటే తలుపు తీసి నిద్రపోవడమే. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి, 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. ఫోను, సర్వర్ రెండూ ఆ సొరంగంలోనే మాట్లాడుకుంటాయి. యాప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా వేసుకుంటే డిస్కు ఎవరి చేతికి చిక్కినా చదవలేరు. ఆ పాస్‌ఫ్రేజ్ మర్చిపోతే మీరూ చదవలేరు, ఎక్కడైనా కాగితం మీద రాసి పెట్టుకోండి.

కమిట్‌దాసు

సర్వరైనా, సింక్‌థింగైనా ఒకటి గుర్తుంచుకోండి. సింక్ బ్యాకప్ కాదు. ఫోనులో పొరపాటున ఫోల్డర్ చెరిపితే ఆ చెరపడం కూడా శ్రద్ధగా అన్నిటికీ చేరుతుంది. సింక్‌థింగ్‌లో వెర్షనింగ్ ఉందిగా అంటారు, ఉంది. కానీ అది అవతలి నుంచి వచ్చిన మార్పులకే పాత ప్రతి దాస్తుంది. మీ లాప్‌టాప్‌లో మీరే చెరిపింది అదే లాప్‌టాప్‌లో దొరకదు, పక్క పరికరంలో వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే అక్కడ వెతుక్కోవాలి. ఇది తెలీక పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. జిట్‌కి మారింది ఆ తర్వాతే.

అచ్చుతప్పు

మూడు వారాలైంది, ఏం చేశానో చెప్తా.

సింక్‌థింగే పెట్టా. పాత లాప్‌టాప్ మూడోవాడిగా ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది (నడిరాత్రి గారూ, సర్వర్ అనే పిలుస్తున్నా). వెర్షనింగ్ దాని మీద పెట్టా, రోజూ రాత్రి అదే జిట్‌లో ఒక కమిట్ (ఆ రోజు నాటి నకలు) వేసుకుంటుంది. ఫోనులో జిట్ జోలికి పోలేదు, దాసు గారు క్షమించాలి.

కాన్‌ఫ్లిక్టులకి నాకు పనికొచ్చింది సాఫ్ట్‌వేర్ కాదు, చిన్న కట్టుబాటు. ఫోనులో పాత నోటు సవరించను. ఏది తోచినా "ఇన్‌బాక్స్" ఫోల్డర్లో కొత్త ఫైలు, పేరు తేదీ-సమయం. రాత్రి డెస్క్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఎక్కడివక్కడ సర్దుతా. కొత్త ఫైలుకి కాన్‌ఫ్లిక్ట్ ఎక్కడినుంచి వస్తుంది? ఇలా ఉండలేనివాళ్ళకి, ఫోనులోనే ఎక్కువ రాసేవాళ్ళకి, నడిరాత్రి గారి దారే మంచిదని ఇప్పుడు అర్థమైంది.

అబ్సిడియన్ వాడేవాళ్ళకి ఒక మాట. ఏ నోటు ఏ పేన్‌లో తెరిచి ఉందో రాసుకునే వర్క్‌స్పేస్ ఫైలు ఒకటుంటుంది, కిటికీ కదిపినా మారుతుంది. మొదటి రోజు నా కాన్‌ఫ్లిక్టులన్నీ అదే. సింక్‌థింగ్ ఇగ్నోర్ జాబితాలో వేశాక పోయాయి. ఆ జాబితా మాత్రం సింక్ కాదు, ప్రతి పరికరంలోనూ విడిగా రాయాలి. ఇది తెలీక ఒక సాయంత్రం పోయింది.

ఐత్వం గారూ, పొడుగు పేర్లు పదకొండు దొరికాయి. పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న వాక్యాలనే పేర్లుగా పెట్టేసుకున్నా. కుదించా.

నడిరాత్రి

బావుంది. ఈ మూడు వారాల్లో కాన్‌ఫ్లిక్ట్ ఫైళ్ళు ఎన్ని, వర్క్‌స్పేస్‌వి తీసేసి?

అచ్చుతప్పు

రెండు. రెండూ ఒకే నోటువి. మీరందరూ ఇక్కడ చెప్పినవి ఫోనులో చదువుతూ, ఆగలేక అక్కడే సవరించుకున్న నోటు.