కార్బన్ ఫైబర్ గిటార్ వాయించి చూశాను, మన ఎండలకు ఇది తీసుకోవచ్చా?

కాజీపేట తీగలు

అందరికీ నమస్తే. నేను కాజీపేటలో ఉంటాను, చర్చిలో గిటార్ వాయిస్తాను. ఆదివారం ఆరాధన ఒక్కటే అయితే ఈ ప్రశ్న అడగాల్సిన పని లేదు. మా టీమ్ ఊళ్లలో కూటాలకు కూడా పోతుంది. ధర్మసాగర్, పరకాల, ఒక్కోసారి ములుగు దాటి ఏటూరునాగారం దాకా. పిల్లలకు సెలవులు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే కూటాలు ఎక్కువ. గిటార్ వీపుకు తగిలించుకుని బండి మీద పోతాను. మధ్యాహ్నమంతా అది ఎవరింట్లోనో రేకుల కింద ఉంటుంది, సాయంత్రం పందిట్లో వాయించాలి. మళ్లీ జూలైలో అదే గిటార్ తేమకు ఉబ్బుతుంది.

నాది సాలిడ్ స్ప్రూస్ టాప్ (ప్లైవుడ్ కాకుండా అసలు స్ప్రూస్ కర్రతో చేసిన పై పలక) ఉన్న కర్ర గిటార్. పోయిన ఎండాకాలంలో తీగలను బాడీకి పట్టి ఉంచే బ్రిడ్జ్ వెనక అంచు లేచింది, కాగితం దూరేంత సందు. టాప్ మీద గీత లాంటి చీలిక కూడా వచ్చింది. నెక్ పక్కన చెయ్యి జారిస్తే ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) కొనలు గీరుకుంటున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. మా చిన్నమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఇంట్లో పెళ్లి ఉండి వచ్చాడు, వస్తూ తన రెయిన్‌సాంగ్ గిటార్ తెచ్చుకున్నాడు. పూర్తిగా కార్బన్ ఫైబర్, లోపల పికప్ (ధ్వనిని మిక్సర్‌కు పంపేది) ఉంది. ఈ కంపెనీని హవాయిలోని మౌయిలో జాన్ డెకర్ అనే భౌతిక శాస్త్రవేత్త మొదలుపెట్టారు. తేమ ఎక్కువగా ఉండే సముద్రపు దీవి కాబట్టి అక్కడ ఇలాంటి ఆలోచన రావడం సహజమే. "నేనున్నన్ని రోజులు నువ్వే వాయించుకో అన్నా" అని తమ్ముడు నా చేతిలో పెట్టాడు.

బరువులో పెద్ద తేడా లేదు, నాదాని కంటే కొంచెం తక్కువ. మొదట తెలిసింది నెక్. ఎక్కడా గరుకు లేదు, పైనుంచి కింది దాకా ఒకే నునుపు, చెమట చేతికి కూడా అతుక్కోలేదు. లైటు కింద తిప్పితే నల్లటి నేత కనిపిస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్ర వాసన లేదు. ఇది చిన్న విషయమే కావచ్చు, కానీ బ్యాగ్ జిప్ తీయగానే వచ్చే ఆ వాసన నాకు చాలా ఇష్టం.

ఓపెన్ జీ కొట్టి చెయ్యి తీశాను. ఆరు తీగలూ విడివిడిగా వినిపించాయి. నా గిటార్‌లో అవన్నీ కలిసి ముద్దగా వస్తాయి, ఆ ముద్దలోనే ఒక వెచ్చదనం ఉంటుంది. ఇందులో సన్న తీగలు చాలా స్పష్టం. లావు తీగలు మోగుతాయి గానీ పొట్టకు ఆనించుకున్నప్పుడు తెలిసే అదురు తక్కువ. రాత్రి ఇంట్లో ఒక్కడినే మెల్లగా వాయించుకుంటే ఆ లోటు బాగా తెలిసింది. ఇక మోత అయితే తొందరగా ఆగదు. రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నీ నొక్కి ఉంచే క్లిప్) పెట్టి నెమ్మది పాట ఫింగర్ పికింగ్ చేస్తే ఆపబుద్ధి కాలేదు, ఒక్కో స్వరం తర్వాతి స్వరం వచ్చేదాకా నిలబడింది. అదే డోలక్‌తో నడిచే వేగం పాటలో ఒక కార్డ్ మోత ఇంకో కార్డ్ మీద పడుతోంది. అరచేత్తో నొక్కిపెట్టి వాయించాల్సి వచ్చింది.

పందిట్లో మిక్సర్‌కు లైన్ ఇచ్చాక నా అభిప్రాయం మారింది. సౌండ్ చూసే తమ్ముడు ట్రెబుల్ కొంత తగ్గించాడు, అంతే. కీబోర్డ్, ప్యాడ్స్ మధ్యలో కూడా గిటార్ తేటగా వినిపించింది. ఇంట్లో అనిపించిన లోటు అక్కడ గుర్తుకే రాలేదు. మా టీమ్‌లో పాడే అక్క ఎప్పుడూ గిటార్ విని శ్రుతి పట్టుకుంటుంది. ఆమెకు కార్బన్, కర్ర తేడాలు తెలియవు. కూటం అయ్యాక "ఇవాళ నీ గిటార్ నా చెవికి మంచిగ అందింది" అంది. నాకు ఆ మాట చాలు అనిపించింది.

పొద్దున, సాయంత్రం తీగల ఎత్తు చూశాను, మారలేదు. కానీ రేకుల కింద నుంచి తీశాక శ్రుతి మాత్రం దిగింది. ప్రకటనల్లో శ్రుతి కదలదు అంటారు కదా, మరి ఎందుకు దిగింది? రెండోది, దీనికి ట్రస్ రాడ్ (నెక్ వంపు తిప్పి సరిచేసే లోపలి కడ్డీ) లేదు. రేపు నెక్ వంగితే ఏం చేయాలి? కొత్తది కొనాలంటే చాలా ఖరీదు, నాకు అందదు. తక్కువ ధరలో కార్బన్ అని అమ్మేవి ఇలాగే ఉంటాయా? వాడినవాళ్లు చెప్పండి.

హన్మకొండ రిపేర్

తమ్మీ, శ్రుతి సంగతి ముందు చెప్తాను. దిగింది తీగల వల్ల. ఉక్కు వేడికి సాగుతుంది, సాగితే బిగువు తగ్గుతుంది, స్వరం దిగుతుంది. తీగలు ఉక్కువే కదా, బాడీ దేనితో చేసినా ఇది తప్పదు. కార్బన్ ఆపేది తేమ వల్ల వచ్చే మార్పును. కర్ర తేమ పీల్చితే ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది. గిటార్ చేసేవాళ్లు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచమంటారు. మన దగ్గర మే మధ్యాహ్నం హైగ్రోమీటర్ 30 లోపే చూపిస్తుంది, శ్రావణంలో 80 దాటుతుంది. మే వస్తే నా దగ్గరికి చీలిన టాప్‌లు, బయటికొచ్చిన ఫ్రెట్లు వస్తాయి. వానాకాలంలో టాప్ ఉబ్బి తీగలు ఎత్తుకు లేచినవి వస్తాయి. కార్బన్‌కు ఈ రెండూ ఉండవు. కాబట్టి వాయించే ముందు పందిట్లో కాసేపు బయటపెట్టి, తీగలు అక్కడి గాలికి అలవాటుపడ్డాక ట్యూన్ చెయ్యి.

నీ బ్రిడ్జ్ లేవడానికి ఆరిన గాలి ఒక్కటే కారణం కాకపోవచ్చు. వేడికి జిగురు మెత్తబడుతుంది, తీగలు పైకి లాగుతూనే ఉంటాయి. రేకుల కింద, మూసిన కారులో ఎక్కువగా జరిగేది ఇదే. కార్బన్ గిటార్‌ను కూడా ఎండలో కారులో వదలొద్దు. దాంట్లో ఉండేది నేసిన కార్బన్ గుడ్డ, ఎపాక్సీ. ఎపాక్సీకి కూడా వేడి హద్దు ఉంటుంది, పైగా నల్ల రంగు ఎండను ఎక్కువ లాగుతుంది.

సౌండ్ గురించి నువ్వు విన్నది నిజం. అలవాటైపోతుందిలే అని నేను చెప్పను. స్ప్రూస్ చాలా తేలిక, అయినా గట్టిది. ఘనపు మీటరుకు 400 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. కార్బన్, ఎపాక్సీ కలిసినది 1500 పైన. అందుకే కార్బన్ టాప్‌ను చాలా పల్చగా చేయాలి. ఇంకొకటి, స్ప్రూస్ సన్న స్వరాలను తనలోనే కొంత అణిచేస్తుంది. మనం వెచ్చదనం అనేదాంట్లో చాలా భాగం అదే. కార్బన్ అంతగా అణచదు, అందుకే నీకు తీగలు విడివిడిగా వినిపించాయి, మోత ఎక్కువసేపు నిలిచింది. కర్ర ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది, కార్బన్ కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. కొనే రోజు నచ్చకపోతే తర్వాత నచ్చుతుందని ఆశ పెట్టుకోకు.

ట్రస్ రాడ్ లేకపోవడం నాకైతే టెన్షన్ పెట్టే విషయమే. నెక్ సరిగ్గా వచ్చిందా, అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తప్పుగా వచ్చిందా, తిప్పి సరిచేయడానికి ఏమీ లేదు, ఫ్రెట్లు అరగదీయాలి. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, బాడీ మొదలయ్యే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కు. ఏడో ఫ్రెట్ మీద తీగ కింద కాగితమంత సందు ఉంటే మంచిది. అసలు సందు లేకపోతే, లేదా విజిటింగ్ కార్డు దూరి ఇంకా ఖాళీ మిగిలితే డబ్బు ఇవ్వకు. యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు, సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తగ్గించుకోవచ్చు, అది నేను చేసిస్తాను.

డబ్బే సమస్య అయితే ఇంకో దారి ఉంది. ప్లైవుడ్ టాప్, లేదా మార్టిన్ కంపెనీ ఎక్స్ సిరీస్‌లో వాడే హెచ్‌పీఎల్ (ఒత్తిడితో అతికించిన లామినేట్ పలక). సాలిడ్ టాప్ అంత లోతు ఉండదు గానీ చీలే భయం చాలా తక్కువ. కూటాలకు అది తీసుకుపోయి, సాలిడ్ టాప్ ఇంట్లో పెట్టుకున్నా తప్పులేదు.

కరీంనగర్ సరిగమ

తక్కువ ధరవాటి గురించి నేను చెప్తాను, పిల్లలకు నేర్పడానికి నా దగ్గర ఉన్నాయి. ఎన్యా నోవా గో తీసుకున్నాను. కార్బన్ అని రాసి ఉంటుంది గానీ మీరు వాయించింది వేరు, ఇది వేరు. ఇది కార్బన్ ఫైబర్ కలిపిన పాలీకార్బనేట్, అచ్చులో పోసి చేస్తారు. రెయిన్‌సాంగ్ లాంటివి కార్బన్ గుడ్డ పొరలతో చేస్తారు. ధర తేడా అక్కడే వస్తుంది.

అయినా నా పనికి ఇవి చాలా మంచివి. 35 అంగుళాల గిటార్, ఎనిమిదేళ్ల పాప ఒళ్లో పట్టుకోగలదు. పిల్లలు కింద పడేస్తారు, నీళ్ల బాటిల్ ఒలకబోస్తారు, ఏం కాలేదు. బాడీ చిన్నది కాబట్టి లావు తీగల్లో బలం మాత్రం ఆశించకండి. మీకు రెయిన్‌సాంగ్‌లోనే లోటు తెలిసిందంటే ఇందులో ఇంకా తెలుస్తుంది.

లావా, ఎన్యా కంపెనీల కొన్ని మోడళ్లలో స్పీకర్ లేకుండానే రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్టులు వినిపిస్తాయి. లోపల ఉన్న చిన్న పరికరం బాడీ వెనక పలకనే అదిరేలా చేస్తుంది. లావా మీ 3కి అయితే టచ్ స్క్రీన్ కూడా ఉంది. ఇంట్లో సాధన చేసుకునేవాళ్లకు అది ఎంతో ఆనందం. మీరు ఊళ్లకు పోయి మిక్సర్‌కు లైన్ ఇచ్చేవారు కాబట్టి ఆ డబ్బు మంచి పికప్ మీద పెట్టండి. చార్జింగ్ పెట్టడం మర్చిపోతే పందిట్లో ఇబ్బంది పడతారు.

కాజీపేట తీగలు

థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ మేడం. అచ్చులో పోసే రకం నా పనికి సరిపోదని అర్థమైంది. తీగ నొక్కి చూసే పద్ధతి తమ్ముడి గిటార్ మీద ఇప్పుడే చేశాను, సందు కాగితమంతే ఉంది. పూర్తి సైజు కార్బన్ గిటార్ మన వైపు ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఖని బ్యారీటోన్

నేనున్నాను భాయ్, గోదావరిఖని. నాది ఎమరాల్డ్, ఐర్లాండ్‌లోని డోనెగల్‌లో చేస్తారు. బెంగళూరులో ఒకాయన అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రామగుండం ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు, మా దగ్గర దానికి ఓపెన్ కాస్ట్ బొగ్గు గనుల దుమ్ము తోడు. తడిగుడ్డతో తుడిచేస్తాను. కర్ర గిటార్‌ను అలా తుడవాలంటే భయమేసేది. తీసుకున్నప్పటి నుంచి సాడిల్ ముట్టుకోలేదు.

లావు తీగల లోటుకు నేను చేసింది చెప్తాను. ముందు తీగలు మార్చండి. 80/20 బ్రాంజ్ మెరుపుగా మోగుతాయి, ఈ గిటార్లకు ఆ మెరుపు ఇంకా ఎక్కువైపోతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ వేస్తే కొంచెం మెత్తగా వస్తుంది. పల్చటి పిక్ వదిలేసి మందంగా ఉన్నది పట్టుకోండి, తేడా మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. మిక్సర్ దగ్గర చాలామంది బేస్ పెంచుతారు, అలా చేస్తే పందిట్లో గుయ్యిమని కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. సాడిల్ కింద ఉండే పియెజో పికప్ గట్టిగా కొట్టినప్పుడు టకటకమంటుంది. మిడ్ నాబ్ ఉంటే 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొంత తగ్గించమని మీ సౌండ్ తమ్ముడికి చెప్పండి. అప్పుడు కింది స్వరాలు వాటంతటవే బయటికొస్తాయి.

రెండు విషయాలు జాగ్రత్త. గిటార్‌కు ఏం కాదు గానీ తీగలకు తుప్పు పడుతుంది, వానాకాలంలో ఇంకా తొందరగా. ఇక గట్టి దెబ్బ తగిలి పగిలితే మన దగ్గర అతికేవాళ్లు దొరకడం కష్టం. కర్ర అయితే పై హన్మకొండ అన్న లాంటివాళ్లు ఉన్నారు. నేను అందుకే మెత్తటి బ్యాగ్ వద్దనుకుని హార్డ్ కేస్ కొన్నాను. బండి మీద పోయేవాళ్లకు కేస్ కష్టమే, కనీసం లోపల మందపాటి ఫోమ్ ఉన్న బ్యాగ్ తీసుకోండి.

కర్ర గిటార్ అమ్మలేదు. ఇంట్లో రాత్రిపూట అదే వాయిస్తాను.

కాజీపేట తీగలు

నేను కూడా అలాగే అనుకుంటున్నాను భాయ్. నా కర్ర గిటార్ బాగు చేయించి ఇంట్లో పెట్టుకుంటాను, కూటాలకు కార్బన్ పూర్తి సైజుది సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతాను. తొందర లేదు, వచ్చే ఏప్రిల్ లోపు దొరికితే చాలు. ఒక్క సందేహం. లావు తీగల బలం కోసం 12 గేజ్ (తీగ మందం) బదులు ఇంకా లావైన 13 వేస్తే ఎలా ఉంటుంది?

హన్మకొండ రిపేర్

వేయొచ్చు, కానీ ముందు ఆ మోడల్‌కు కంపెనీ ఏ గేజ్ చెప్పిందో చూడు. 13 వేస్తే లాగే బలం పెరుగుతుంది. రాడ్ ఉన్న గిటార్ అయితే తిప్పి సరిచేస్తాం, లేనిదాంట్లో ఆ అవకాశం లేదు. కంపెనీ ఒప్పుకుంటేనే వెయ్యి. లేకపోతే 12 ఉంచుకుని ఖని భాయ్ చెప్పినట్టు పిక్ మార్చి చూడు.